ఇరుసు ఎచ్చట నిలువవలెను? చిన్న ట్రాక్టర్లను మోయు ట్రాలీల సమీక్ష

తొలకరి వానలు పడి, చెరువుల క్రిందను కడెము కాలువ క్రిందను కరిగెట్ల పని ఆరంభమైన దినములలో, మంచిర్యాలనుండి లక్షెట్టిపేటకు పోవు 63వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన ఒక గంటసేపు నిలిచి చూచినచో, ఒక పెద్ద ట్రాక్టరు వెనుక ట్రాలీ, ఆ ట్రాలీ మీద ఒక చిన్న ట్రాక్టరు, దాని చక్రముల క్రింద అడ్డముగా పెట్టిన ఇటుకలు, ముందు ఇరుసునకు రెండు చుట్లు చుట్టిన కొబ్బరితాడు, ఆ చిన్న ట్రాక్టరు సీటుమీదనే స్టీరింగు పట్టుకొని కూర్చున్న ఒక యువకుడు, ఇట్టి దృశ్యము ఏదో ఒక వేళ కంటబడక మానదు. గతుకు వచ్చినప్పుడెల్ల ఆ చిన్న ట్రాక్టరు ముందుకును వెనుకకును ఒక అంగుళము కదలుచుండును. ఆ యువకుడు బ్రేకు గట్టిగా త్రొక్కి పట్టుకొనును. పెద్ద ట్రాక్టరు నడుపువానికి వెనుక ఏమి జరుగుచున్నదో తెలియదు. ఈ దృశ్యమును నేను అనేక సంవత్సరములుగా చూచుచున్నాను. చూచినకొలదియు, ఇది ఒక్క మనిషి అజాగ్రత్తతో పుట్టినది కాదనియు, దీని వెనుక ఒక పనితనపు చరిత్రయు, లెక్క వేయకపోవుట అను ఒక లోటును, ఒక చట్టపు ఖాళీయు కలసియున్నవనియు నాకు తోచుచున్నది. ఆ మూటిని కలిపి చూచుటయే ఈ వ్యాసముయొక్క ప్రయత్నము.

మొదట, చిన్న ట్రాక్టరును మరియొక బండిమీద ఎక్కించి తీసికొనిపోవలసిన అవసరమేమి అని అడుగువారు కలరు. ట్రాక్టరునకు చక్రములున్నవి గదా, తానే నడచిపోవచ్చును గదా అను ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని చిన్న ట్రాక్టరు దారిమీద పరుగునకు పుట్టినది కాదు. పదునైదు అశ్వశక్తుల యంత్రము ముప్పది కిలోమీటర్ల దూరమును తన చక్రములతోనే దాటవలెనన్న గంటన్నరకు పైగా పట్టును. పొలపు మట్టిని పట్టుకొనుటకై ఎత్తుగా పోసిన దాని టైరు పళ్ళు తారుమీద రాపాడి త్వరగా అరిగిపోవును. లారీలును బస్సులును పోవు రహదారిమీద అంత మెల్లగా పోవు వాహనము తనకును ఇతరులకును ప్రమాదహేతువగును. కరిగెట కొరకు ఇనుప కేజీవీల్స్ తొడిగిన ట్రాక్టరు సంగతి ఇంకను స్పష్టము. ఆ చక్రములతో తారురోడ్డు ఎక్కరాదని, ఎక్కినచో కేసులు పెట్టుదుమని ప్రతి వానాకాలమునను, ప్రతి యాసంగికిని అధికారులు ప్రకటించుచునే యున్నారు. రోడ్డు పాడగుట నిజమే గనుక ఆ ప్రకటనను తప్పుపట్టుటకు వీలులేదు. ఒక ఊరి పొలమునుండి మరియొక ఊరి పొలమునకు అద్దెకు పోవు రైతు, ప్రతి మడి దగ్గర చక్రములు విప్పి బిగించుటకు అరపూట పోగొట్టుకొనలేక, ట్రాలీని ఆశ్రయించుచున్నాడు.

ఈ చిన్న యంత్రములు మన జిల్లాలో పెరిగిన తీరు కూడ గమనింపదగినది. బెంగుళూరులో 1967లో జపాను దేశపు మిత్సుబిషి సహకారముతో వెలసిన వి.ఎస్.టి. సంస్థయు, కేరళ ప్రభుత్వము 1973లో నెలకొల్పిన కామ్కో సంస్థయు పవర్ టిల్లర్లను దక్షిణాదికి పరిచయము చేసినవి. పిమ్మట నాలుగు చక్రముల మినీ ట్రాక్టర్లు వచ్చినవి. మహీంద్రా వారి యువరాజ్ 215 పదునైదు అశ్వశక్తులది, బరువు సుమారు 780 కిలోలు. 2021లో వచ్చిన స్వరాజ్ కోడ్ పదునొకండు అశ్వశక్తులది, ఐదువందల కిలోలకు లోపే తూగును. నెన్నెల, భీమారము, జైపూరు ప్రాంతముల మామిడితోటలలో చెట్టుకొమ్మల క్రిందుగా దూరి పోవుటకును, నల్లరేగడిలో పత్తి సాళ్ళ మధ్య గుంటుక పనికిని ఇవి తగినవి. 2019లో పల్లెప్రగతి కార్యక్రమము మొదలైన పిదప రాష్ట్రమునందలి 12,769 గ్రామపంచాయతీలకును ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ళ ట్యాంకరు సమకూర్చవలెనని ప్రభుత్వము తలపెట్టినప్పుడు, చిన్న పంచాయతీలనేకము తమ నిధులకు తగినట్లు చిన్న ట్రాక్టరునే ఎన్నుకొన్నవి. ఆ యంత్రము చెడిపోయినప్పుడు పల్లెలో దానిని బాగుచేయువాడు దొరకడు; మంచిర్యాలకో బెల్లంపల్లికో మోసికొని రావలసినదే.

మోయు మార్గములు ప్రస్తుతము నాలుగు కనబడుచున్నవి. ఒకటి, సరకుల ఆటో వంటి చిన్న వాహనము. 2005లో వచ్చిన టాటా ఏస్ మోయదగిన బరువు ముప్పాతిక టన్ను మాత్రమే. కావున 780 కిలోల ట్రాక్టరును, దాని వెనుక తగిలించు దుక్కి పరికరమగు రోటావేటరుతో కూడ దానిమీద ఎక్కించుట దాని వెన్ను విరుచుటయే. రెండవది బొలెరో పికప్పు. బరువునకు చాలునుగాని, అద్దె ఎక్కువ, ఎక్కించు తావు దొరకుట కష్టము. మూడవది, ధాన్యము మోయు మామూలు ట్రాలీ. అది నేలనుండి మీటరుకు పైగా ఎత్తున నుండును. ట్రాక్టరు దానిమీదికెక్కిన పిదప మొత్తము బరువుయొక్క కేంద్రము మరింత పైకి పోయి, కాలువగట్టుమీద ఒక చక్రము గుంటలో దిగినచో పడిపోవుటకు సిద్ధముగా నుండును. నాలుగవది, ఈ పనికొరకే తక్కువ ఎత్తున స్వయముగా చేయించుకొన్న చిన్న ట్రాలీ. నా విచారణకు ముఖ్యవిషయము ఇదియే, ఎందుకన తక్కిన మూడును ఉన్నదానితో సర్దుకొనుటలు కాగా, ఇది ఒక్కటే ఆలోచించి చేయు పని.

ఆలోచించి చేయుటకు మన ప్రాంతమున చేతులకు కొదవ లేదు. సుమారు నూరేండ్లుగా బెల్లంపల్లి, తరువాత మందమర్రి, శ్రీరాంపురము బొగ్గుగనులు ఈ నేలను యంత్రభూమిగా మార్చినవి. 1958లో మంచిర్యాలకు సిమెంటు కర్మాగారము వచ్చినది. గనులలో ఫిట్టరుగా, వెల్డరుగా పనిచేసి పింఛను పుచ్చుకొన్నవారు, వారియొద్ద చేయి తిప్పుకొన్న కుర్రవాండ్రు పట్టణపు అంచులలో వెల్డింగు షాపులు తెరచినారు. వీరిచేతినుండి వెలువడు గేట్లు, కిటికీ గ్రిల్లులు, నీళ్ళ ట్యాంకర్లు, ధాన్యపు ట్రాలీలు జిల్లాయంతటను వ్యాపించియున్నవి. వారి వెల్డింగు గీతను చూచినవారెవ్వరును దానిని తక్కువచేసి మాటాడలేరు. అయినను వారు ట్రాలీ చేయునప్పుడు కొలుచునది పొడవు, వెడల్పు, ఎత్తు. కొలువనిది బరువు నిలుచు స్థానము. ఇరుసును ఎచ్చట బిగింపవలెనని అడిగినచో చాలమంది నడుమ కొంచెము వెనుకకు అనియే చెప్పుదురు. ఆ కొంచెము అనునది ఎంత? సమస్త ప్రశ్నయు ఆ ఒక్క మాటలోనే యున్నది.

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. ఎడ్లబండిని చేసిన వడ్ల పనివానికిని, దానిమీద గడ్డిమోపులు పేర్చిన పాలేరునకును ఇది నిత్యవ్యవహారము. బండిలో బరువు ముంగటికి ఎక్కువైనచో కాడి ఎడ్ల మెడలను నేలకు వంచును. వెనుకకు ఎక్కువైనచో నొగ పైకి లేచి, పట్టెడ ఎడ్ల గొంతునకు బిగియును, ఎత్తు ఎక్కునప్పుడు బండియే వెనుకకు ఒరగిపోవును. కనుకనే బండి నింపిన పిదప కాడి క్రింద చేయి పెట్టి ఒకసారి ఎత్తి చూచి, బరువు ముంగటికి కొద్దిగా ఉన్నదని తేలిన తరువాతనే ఎడ్లను కట్టుట ఆచారము. నాగోబా జాతరకు కేస్లాపూరు పోవు మెస్రం వంశీయుల బండ్ల వరుసను చూచినవారికి ఈ తూకపు విద్య ఎంత సహజముగా చేతులలో నిలిచియున్నదో అర్థమగును. కాడి పోయి కొక్కెము వచ్చినది. కొక్కెమునకు నొప్పి తెలియదు, ఎద్దువలె నిలిచిపోయి చెప్పజాలదు. కావున ఆ తూకమును మనము లెక్కతో తెలిసికొనవలసియున్నది.

లెక్క కఠినమైనది కాదు. ఒక ఇరుసు గల ట్రాలీలో, మొత్తము బరువునందు పదవ వంతునుండి ఏడవ వంతువరకు ముందు కొక్కెముమీద పడునట్లు ఉండవలెనని ప్రపంచమంతట ట్రాలీలు చేయువారు అంగీకరించిన సూత్రము. ఇంతకు తక్కువైనచో వేగము పెరిగినకొలది ట్రాలీ తోకవలె ఇటునటు ఊగును. ఎక్కువైనచో లాగు బండి వెనుక క్రుంగి, ముందుచక్రములు తేలిపోయి స్టీరింగు మాట వినదు. ఒక ఉదాహరణము చూతము. ట్రాక్టరు 800 కిలోలు, ట్రాలీ 350 కిలోలు, మొత్తము 1150. కొక్కెమునుండి ఇరుసునకు దూరము 2.9 మీటర్లు. కొక్కెముమీద నూటికి పండ్రెండు వంతులు, అనగా సుమారు 138 కిలోలు పడవలెనన్నచో, మొత్తము బరువుయొక్క కేంద్రము ఇరుసునకు ముందు 35 సెంటీమీటర్ల దూరమున నుండవలెను. జానెడున్నర; అంతే. ఆ జానెడున్నరయే ట్రాలీ క్షేమముగా నడచుటకును ఊగిపోవుటకును నడుమనున్న హద్దు.

ఇచ్చట ఒక చిక్కు వచ్చుచున్నది. అది అంత తేలికగా కనబడదు గనుక దీనిమీద కొంత నిలిచి చూడవలసియున్నది. ట్రాక్టరు బరువు రెండు ఇరుసులమీద సమముగా ఉండదు; సాధారణముగా నూటికి అరువది వంతులు వెనుక చక్రములమీదనే యుండును. ముందు వెనుక చక్రముల నడుమ దూరము మీటరున్నర అయినచో, ట్రాక్టరు బరువుకేంద్రము వెనుక ఇరుసునకు 60 సెంటీమీటర్లు ముందు నుండును. ట్రాక్టరు లాగు బండివైపు మొగము పెట్టి నిలిచినదనుకొని, ఇప్పుడు దానికి వెనుక 200 కిలోల రోటావేటరును తగిలింపుడు. ఆ రోటావేటరు నడిమిభాగము వెనుక ఇరుసునకు 90 సెంటీమీటర్లు వెనుక నున్నదనుకొందము. రెంటిని కలిపి లెక్కించినచో బరువుకేంద్రము 30 సెంటీమీటర్లు వెనుకకు జరిగిపోవును. ఒట్టి ట్రాక్టరునకు సరిగా కుదిర్చిన ఆ 35 సెంటీమీటర్లలో ఐదే మిగులును. ట్రాలీ సొంత బరువును కూడ చేర్చుకొని చూచినను, కొక్కెముమీది భారము 138 కిలోలనుండి అరువదికి పడిపోవును. మొత్తము 1350 కిలోలలో అది నూటికి నాలుగున్నర వంతులకు లోపే. అనగా నిన్న ఒట్టి ట్రాక్టరును మోసి చక్కగా నడచిన ట్రాలీయే నేడు రోటావేటరుతో కూడిన ట్రాక్టరును మోసి ఊగిపోవును. చేసినవాడు తన పని మంచిదే అనును, నడిపినవాడు ట్రాలీ చెడ్డదనును. ఇద్దరును తాము చూచినదానినే చెప్పుచున్నారు. చూడనిది ఆ రోటావేటరు.

ఇక ఎక్కించుట. ట్రాలీ తలము నేలనుండి 60 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనుకొందము. మీటరున్నర పొడవైన పలకలు వాల్చినచో వాలు ఇరువదినాలుగు డిగ్రీలకు దగ్గరగును, 2.4 మీటర్ల పలకలైనచో పదునైదు డిగ్రీలకు లోబడును. ఈ భేదము కాగితముమీద చిన్నదిగా కనబడునుగాని, ట్రాక్టరు సీటుమీద కూర్చున్నవానికి ప్రాణముతో సమానము. వెనుక చక్రములు తిరుగలేక నిలిచినప్పుడు ఇంజను బలము ట్రాక్టరు మూతినే పైకి ఎత్తును; వాలు ఎక్కువగా నున్నప్పుడు అది రెప్పపాటులో వెనుకకు తిరగబడును, క్లచ్చి వదలుటకు కూడ వ్యవధి యుండదు. కావున బరువైన వెనుకభాగము ఎల్లప్పుడు ఎత్తువైపున నుండవలెననియు, ఎక్కునప్పుడు రివర్సులోను, దిగునప్పుడు ముందు గేరులోను రావలెననియు అనుభవజ్ఞులు చెప్పుదురు. కాని రివర్సులో ఎక్కినచో బరువైన భాగము ట్రాలీ ముందరికి వచ్చును. ఇరుసు స్థానమునకు వేసిన లెక్కయంతయు తారుమారగును. కావున ట్రాక్టరు ఏ దిక్కునకు మొగము పెట్టి ఎక్కునో ముందుగా నిశ్చయించుకొననిదే ఇరుసు బిగింపరాదు. పలకల పొడవునకును, ఇరుసు స్థానమునకును ఇంత సంబంధమున్నదని మొదట నాకును తెలియదు.

మరియొక సూక్ష్మము కలదు. ట్రాక్టరు పలకలనుండి తలముమీదికి వచ్చు క్షణమున దాని బరువంతయు ట్రాలీ వెనుక అంచుమీద పడి, కొక్కెమును పైకి తన్నును. దానితో లాగు బండి వెనుక చక్రములు తేలి, దాని బ్రేకులు పట్టు తప్పును. ట్రాలీ వెనుక రెండు మూలలను నేలకు ఆనించు అడ్డుకాళ్ళు రెండు పెట్టినచో ఈ ఆపద తొలగును. మన పల్లెలవారు దీనికంటె సులువైన ఉపాయము ఎన్నడో కనిపెట్టినారు: ట్రాలీని ఒడ్డుగట్టునకు వెనుకగా ఆనించి, గట్టు ఎత్తును తలము ఎత్తును సమము చేసి, పలకలే లేకుండ నేలమీద నడిపినట్లు నడిపి ఎక్కింతురు. దీనికంటె శ్రేష్ఠమైన పద్ధతి ఏ దేశమునందును లేదని నా నమ్మకము. గట్టు మెత్తనిదా గట్టిదా అని మాత్రము చూచుకొనవలెను.

ఇనుము విషయము త్వరగా చెప్పి ముగింతును. మూడంగుళముల చానెలు మీటరునకు సుమారు ఏడు కిలోలును, నాలుగంగుళములది సుమారు తొమ్మిదిన్నరయు తూగును. ఎనిమిదివందల కిలోల ట్రాక్టరునకు నాలుగంగుళముల చానెలుతో చట్రము చాలును. మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు గల తలమంతటను ఆరు మిల్లీమీటర్ల పలక పరచినచో అదియే 210 కిలోలకు మించును. చక్రములు పోవు రెండు పట్టీలకు మాత్రము పరచినచో 113 కిలోలతో సరిపోవును. ఆదా అయిన ఆ నూరు కిలోలు మోయు బలముగా మిగులును. పాత జీపు ఇరుసులు వాడుట తప్పు కాదు. వాని బేరింగులు విప్పి చూడకుండ వాడుట తప్పు. లాగు కొయ్యయు చట్రమును కలియు చోటనే ఎల్లప్పుడు పగుళ్ళు మొదలగును. అచ్చట చానెలు క్రింది అంచునకు అడ్డముగా వెల్డింగు గీత వేయుట, గాజుమీద గీత గీసి విరుచుటవంటిది. గీత పొడవునకు సాగవలెను, త్రిభుజాకారపు పట్టీ వేయవలెను.

కట్టుటలో మనవారి లోపము పెద్దది. కొబ్బరితాడు కుదుపునకు వదులగును, నైలాన్ తాడు సాగును. లోడు ముందుకు జారకుండుటకు దాని బరువులో 0.8 వంతు బలమునకు, ప్రక్కలకును వెనుకకును జారకుండుటకు 0.5 వంతునకు తగిన కట్టు ఉండవలెనని ఐరోపా నియమములు చెప్పుచున్నవి. అనగా 800 కిలోల ట్రాక్టరునకు ముందువైపు 640 కిలోల లాగుడుకు నిలువవలెను. నాలుగు మూలలకు నాలుగు గొలుసులు, ముందు ఇరుసునకును వెనుక ఇరుసు గొట్టమునకును తగిలించి, బిగింపుమరతో బిగించిన తరువాత మాత్రమే ఆ పని పూర్తియగును. రోటావేటరును ఎత్తిపెట్టి తీసికొనిపోరాదు. హైడ్రాలిక్కు మెల్లమెల్లగా దిగజారును గనుక, క్రింద చెక్క పెట్టి దానిని దింపివేయవలెను. ట్రాక్టరు సీటుమీద మనిషి కూర్చుండరాదు. ఈ ఒక్క మాటను మాత్రము నేను రెండుసార్లు వ్రాయుదును: మనిషి కూర్చుండరాదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలికి పోవుచున్న స్త్రీలతో నిండిన ట్రాక్టరు ట్రాలీ మూసీ కాలువలో తలక్రిందులై సుమారు పదిహేనుమంది ప్రాణములు పోయిన సంగతి ఎవరు మరువగలరు? ట్రాలీ సామానునకు పుట్టినది. దానిమీద మనిషి కూర్చున్న క్షణమునుండి దాని లెక్కలన్నియు మనిషికి వ్యతిరేకముగా పనిచేయును.

బ్రేకు సంగతికి వత్తము. ఐరోపాలోను ఆస్ట్రేలియాలోను 750 కిలోలకు మించిన ట్రాలీకి సొంత బ్రేకు ఉండి తీరవలెను. మనము పైన లెక్కించిన 1150 కిలోల భారము ఆ హద్దును ఎన్నడో దాటినది. మన దారులమీద బ్రేకు గల ట్రాలీని నేను అరుదుగా చూచినాను. పెద్ద ట్రాక్టరు బరువు రెండు టన్నుల దాపున నుండుట వలనను, మెల్లగా పోవుట వలనను ఇంతవరకు నడచుచున్నది. అదే ట్రాలీని పికప్పునకు తగిలించి అరువది కిలోమీటర్ల వేగముతో లాగినచో ఆ రక్షణ పోవును. వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టరు పట్టీలు అంటించుటకు పట్టు ఖర్చు అత్యల్పము. చీకటిలో నిలిపియుంచిన ట్రాలీని వెనుకనుండి ఢీకొని మరణించిన ద్విచక్రవాహనదారుల వార్తలు దినపత్రికల జిల్లా పుటలలో చదివి చదివి నా కన్నులు అలసిపోయినవి. ఆ పట్టీ అంటింపని ట్రాలీని షాపునుండి బయటికి పంపువారిని నేను క్షమింపలేను.

చట్టమేమి చెప్పుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము నిర్వచనములోనే ట్రాలీని మోటారు వాహనముగా చేర్చినది. కావున రిజిస్ట్రేషను లేక దానిని బహిరంగస్థలమున నడుపరాదు. 1989 నాటి కేంద్ర నియమములు వ్యవసాయ ట్రాలీని వేరుగా నిర్వచించి, ట్రాక్టరునకు కొక్కెములతో తగిలించి ముఖ్యముగా వ్యవసాయపు సరకులను మోయునదిగా చెప్పినవి. రాజస్థానములో జుగాడ్ అని పిలుచు, పంపుసెట్టు ఇంజనుతో ఇంటిలోనే కట్టిన బండ్ల విషయమున సుప్రీంకోర్టు 2013లో తీర్పునిచ్చి, అవియు మోటారు వాహనములే అనియు, రిజిస్ట్రేషనును బీమాయు లేక నడుపరాదనియు నిశ్చయించినది. ఆ తీర్పు నాకు సమంజసముగానే తోచుచున్నది. జుగాడ్ బండి క్రిందపడి మరణించినవాని కుటుంబమునకు పరిహారమిచ్చు దిక్కు లేకపోవుట న్యాయము కాదు. కాని స్వయముగా చేసిన ట్రాలీని పరీక్షించి, ఇది బాగున్నది, ఇది బాగులేదని చెప్పు సులభమైన తలుపు పల్లెవాని దగ్గర ఎక్కడున్నది? ఆస్ట్రేలియాలో ఇంటిలో చేసిన ట్రాలీలకు ప్రభుత్వమే ఒక చిన్న నియమావళిని ప్రకటించి, తనిఖీ చేసి నంబరు ఇచ్చును. అమెరికాలో అనేక రాష్ట్రములు సొంతముగా చేసిన ట్రాలీకి గుర్తింపుసంఖ్యను కేటాయించును. ఇచ్చట కేంద్రప్రభుత్వపు దక్షిణప్రాంత వ్యవసాయ యంత్ర పరీక్షాసంస్థ అనంతపురము జిల్లా గార్లదిన్నెలో నున్నది. అది యంత్రములు చేయు కంపెనీలకు తగినదిగాని, మందమర్రి వెల్డరునకు తగిన దూరము కాదు. బెల్లంపల్లి పాలిటెక్నిక్కులోనో, మంచిర్యాల ఐ.టి.ఐ.లోనో ప్రతి వేసవిలో రెండుదినములు ట్రాలీల తనిఖీ జరిపి, లోపములు చెప్పి, సరిచేసిన పిదప కాగితమిచ్చు ఏర్పాటు జరిగినచో, అటు చట్టమునకు గౌరవమును, ఇటు పనివానికి గౌరవమును కలుగునని నేను మనఃపూర్వకముగా కోరుచున్నాను. విద్యార్థులకు అంతకంటె మంచి పాఠము ఏ పుస్తకములో దొరకును?

అంతవరకు రైతు చేయగలుగు పని ఒకటి కలదు. ఊరూర ధాన్యపు కొనుగోలు కేంద్రములో కాంటా యున్నది. పట్టణములో ధర్మకాంట యున్నది. చట్రము సిద్ధమైన పిదప, ఇరుసును శాశ్వతముగా వెల్డు చేయక ముందు, బోల్టులతో బిగించి, ట్రాక్టరును దానిమీదికెక్కించి, సమమైన నేలమీద కొక్కెమును కాంటామీద ఆనించి చూచినచో కొక్కెముపై ఎంత బరువు పడుచున్నదో తెలియును. ట్రాలీ మొత్తమును ధర్మకాంటమీద తూచినచో మిగిలిన సంఖ్య తెలియును. నూటికి పండ్రెండుకు దగ్గరగా వచ్చువరకు ఇరుసును ముందుకో వెనుకకో జరుపవలెను: ముంగట తక్కువైనచో ఇరుసు వెనుకకు, ఎక్కువైనచో ముందుకు. ఒక పూట పని. గత ఎండాకాలమున మా పట్టణపు అంచున ఒక షాపులో ఈ విధముగా చేసి చూచితిమి. ఒట్టి ట్రాక్టరుతో కొక్కెముమీది బరువు కుదిరినది. రోటావేటరు తగిలింపగానే సగముకంటె తక్కువయ్యెను. ఇరుసును వెనుకకు జరిపినచో రోటావేటరుతో కుదురును, కాని లేనప్పుడు కొక్కెము మోయలేనంత అగును. ఏమి చేయవలెనని అందరమును తలపట్టుకొని నిలిచియుండగా, అచ్చట పనిచేయు కుర్రవాడు, ఇరుసును కదలింపకుండ ట్రాక్టరునే కదలింపవచ్చును గదా అనెను.

అతడు తలముమీద రెండు తెల్లని గీతలు గీసెను. మొదటి గీత ఒట్టి ట్రాక్టరు ముందుచక్రము ఆగవలసిన చోటు. రెండవది దానికి ముప్పది సెంటీమీటర్లు ముందు, రోటావేటరు తగిలించినప్పటి చోటు. రెండు చోట్లను అడ్డుగా బిగించుటకు వీలుగా ఒక ఇనుపకమ్మికి రెండు జతల రంధ్రములు వేసెను. మరల కాంటామీద ఆనించి చూచితిమి. మొదటి గీతమీద 140 కిలోలు, రెండవ గీతమీద 165. ట్రాలీ ఇప్పుడు జైపూరువైపు ఒక ఊరిలో నున్నది. రెండవ గీత ప్రక్కన ఎవరో ఎఱ్ఱరంగుతో రోటావేటరు అని వ్రాసినారు.